మూతకున్న కన్నం

నా చిన్నప్పుడు మా పెదనాన్న మీద వచ్చినంత కోపం ఆ తర్వాత ఎవరి మీదా రాలేదనుకునేదాన్ని. మొన్న గురువారం మా తమ్ముడి మీద వచ్చింది.

పెదనాన్నకు కాలవ గట్టున ఆయిలింజను ఉండేది. చేలకు నీళ్లు తోడేది అదే. దాని చుట్టూ తిరిగీ తిరిగీ, పదేళ్లకే ఏ నట్టుకు ఏ పానా పడుతుందో చెప్పేదాన్ని. పొగరు కూడా ఉండేది. ఒకరోజు పొద్దున్నే ఇంజను పది నిమిషాలు నడిచి ఆగిపోయింది. "ఇంజనీరుగారూ, తమరే బాగుచెయ్యాలండి," అన్నాడు పెదనాన్న.

ఫిల్టరు విప్పి కడిగాను. పైపులు ఊదాను. నట్లన్నీ బిగించాను. డీజిల్ ఎంతుందో చూద్దామని ట్యాంకు మూత తీసి పక్కన పెట్టి, అక్కడే మరిచిపోయాను. ఇంజను అందుకుంది, ఇక ఆగలేదు. ఫిల్టరులో మట్టి పెదనాన్నా అని గొప్పగా చెప్పాను.

ఆయన పక్కనున్న ఆ మూత తీసుకుని మళ్లీ ట్యాంకుకు బిగించాడు. పది నిమిషాలకు ఇంజను ఆగిపోయింది.

"నడిపించావు గానీ, ఎందుకు నడిచిందో నీకు తెలీదమ్మా," అన్నాడు. మళ్లీ మొదటినుంచీ చూడమన్నాడు. ఒకసారికి ఒక్కటే ముట్టుకోవాలి, ముట్టుకున్నాక పది నిమిషాలు ఆగి చూడాలి. మధ్యాహ్నం దాకా ఎండలో ఏడుస్తూ, ఆయన్ని మనసులో తిట్టుకుంటూ చేశాను. చివరికి మిగిలింది మూత. తిప్పి చూస్తే, గాలి పోవడానికి ఉన్న సన్నటి కన్నంలో కొవ్వొత్తి మైనం! లోపలికి గాలి పోక, డీజిల్ కిందికి దిగడం లేదు. ఆ మైనం పెట్టింది ఆయనే. పైగా నవ్వుతున్నాడు.

ఆ సాయంత్రం నోటుబుక్కులో రాశాను. నా మొదటి డైరీ పేజీ అదే. "పెదనాన్న చెడ్డవాడు. మూత కన్నంలో మైనం."

ఇక తమ్ముడి సంగతి. ఓడల్లో పనిచేసి రిటైరయ్యాడు. కడియంలో ఒక నర్సరీ వెనక రేకుల షెడ్డులో, ఒక్క మనిషి కూర్చునే విమానం ఆరేళ్లుగా సొంతంగా కడుతున్నాడు. నేను కాలేజీ ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి, ఇంజను నడిపిన ప్రతిసారీ పక్కన కూర్చుని డైరీలో రాస్తాను. ఈమధ్య నాలుగుసార్లు, పూర్తి వేగం అందుకునేసరికి ఇంజను దగ్గి నీరసపడింది. పెట్రోలు సరిగ్గా అందడం లేదని తెలుస్తోంది, ఎందుకో తెలియడం లేదు. గురువారం పొద్దున నేను వెళ్లేసరికి పంపు, ఫిల్టరు, సిలిండర్లలోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు, అన్నీ ఒకేసారి కొత్తవి బిగించేశాడు. ఇంజను నున్నగా నడుస్తోంది.

"ఆదివారం ఎగురుతున్నానక్కా!"

"ఏది చెడిందిరా?"

"ఏదైతే ఏంటి? నడుస్తోంది కదా!"

ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ల్యాబులో అది విన్న ప్రతిసారీ తర్వాత ఏదో ఒకటి కాలింది. కాలవ గట్టున ఇంజను ఆగితే చేను ఎండుతుంది. కొబ్బరితోటల పైన ఆగితే? "అది బాగుపడలేదురా, ప్రస్తుతానికి ఊరుకుంది," అన్నాను. వినలేదు. విమానం తాళంచెవి లాగి కొంగున ముడేసుకున్నాను. పాత సామాను మళ్లీ ఒక్కొక్కటే పెట్టి చూడమన్నాను.

"ఏంటక్కా, పెదనాన్న పూనాడా నీకు?"

"పూనాడు. పానా పట్టుకో."

శుక్రవారం పొద్దున పని మొదలుపెట్టాము. పాత పంపు పెట్టాడు, నడిచింది. పాత ఫిల్టరు, నడిచింది. పాత ఇంజెక్టర్లు, అప్పుడూ నున్నగానే నడిచింది. చెడ్డవని తీసేసిన సామానంతా తిరిగొచ్చినా ఏ తేడా లేదు. అంటే తప్పు వాటిలో లేదు. తమ్ముడు పానా కింద పెట్టేశాడు.

డైరీ తిరగేశాను. నాలుగుసార్లూ మధ్యాహ్నమే. నాలుగుసార్లూ పొద్దున నడిపి, భోజనానికి ఆపి, వేడి తగ్గకముందే మళ్లీ వేసినప్పుడే. నా చేతిరాతలోనే ఉంది, నాకే కనబడలేదు. అప్పుడు నా మీద నాకు కోపం వచ్చింది. మళ్లీ కొత్త సామానే బిగించమన్నాను, వాడు ఎగరబోయింది వాటితోనే కదా. మధ్యాహ్నం నడిపి, ఆపి, టీ తాగి, మళ్లీ వేశాము. పూర్తి వేగానికి రాగానే దగ్గి ఆగిపోయింది. వంగి చూస్తే, పెట్రోలు పైపు పొగగొట్టానికి రెండు వేళ్ల దూరంలో వెళ్తోంది. ఆ వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరై బుడగలు కడుతోంది.

తమ్ముడు రెక్క కింద నేలమీద చతికిలబడ్డాడు. "ఆదివారం పొద్దున ఒకసారి ఎగిరి, భోజనం చేసి, మళ్లీ ఎగురుదామనుకున్నానక్కా," అన్నాడు.

నేనూ వెళ్లి వాడి పక్కన కూర్చున్నాను.

శనివారం ఇంకేదీ ముట్టుకోకుండా పైపు దారి ఒక్కటే మార్చాడు. అదే ఎండలో అలాగే ఆపి వేశాము. దగ్గలేదు. అయినా తాళంచెవి ఇవ్వలేదు, ఇంకో పదిసార్లు చూడాలి.

గురువారం మొదలుపెట్టి శుక్రవారం ముగించిన పేజీలో ఇలా ఉంది: "తమ్ముడు మూర్ఖుడు. పైపు పొగగొట్టం పక్కనుంచి వెళ్తోంది."

కోపం వచ్చిన రోజు ఇప్పటికీ రెండే వాక్యాలు రాస్తాను. మొదటిది మనిషి గురించి. రెండోది దొరికేదాకా పుస్తకం ముయ్యను.