సబ్బుతో కడుక్కోమన్న సూదిపోటు

ఆ పొద్దున నల్లా దగ్గర బిందె పెట్టి నిలబడ్డాను. పక్క గదిలో ఎవరో మిరపకాయ బజ్జీలు వేస్తున్నారు. ఆ నూనె వాసన తగలగానే కడుపులో తిప్పింది. బిందె వదిలేసి మోరీ దగ్గరికి పరుగెత్తాను. అప్పటికి కొన్ని రోజులుగా ఒళ్ళు బరువుగా ఉంటోంది. మా మూడో అంతస్తుకు మెట్లు ఎక్కుతుంటే మధ్యలోనే కూర్చోవాలనిపించేది. ఎండల వల్ల అనుకున్నాను, వయసు అనుకున్నాను. నా వీపు రాయడానికి వచ్చిన సత్తెమ్మ వదిన నా ముఖం తన వైపు తిప్పి చూసి కేక పెట్టింది.

"ఓ అంజమ్మా, నీ కండ్లు పసుపు ముద్దలైనయి గదనే! అద్దంల సూసుకోలేదా?"

"పొద్దుగాల అద్దం ముందర కూసునే టైం నాకేడున్నది వదినా?"

నవ్వుతూనే అన్నాను గాని, మూత్రం రంగు గుర్తొచ్చి భయపడ్డాను. చాయ్ డికాషన్‌లా ఉంది అది.

మా చాల్, వరసగా ఒంటి గదులుండే పాత మేడ, ముంబైలోని కామాఠీపురాలో ఉంది. తాతల కాలంలో పాలమూరు నుంచి కట్టడం పనికి వచ్చిన కుటుంబాలు మావి. మా ఆయన కృష్ణయ్య ఫోరస్ రోడ్‌లో కాగితాలు కోసే దుకాణంలో పని చేస్తాడు. నేను ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో హౌస్‌కీపింగ్ చేసేదాన్ని. వార్డు ఊడ్చి, తుడిచి, చెత్త సంచులు కిందికి దించడం. ఆ పని ఇప్పించింది మా అక్క భర్త నర్సింలు బావ. ఆయన అక్కడ కాంట్రాక్టర్ తరఫున సూపర్‌వైజర్, మా చాల్‌లోనే మా కింది అంతస్తులో ఉంటాడు. మాకు పనులు ఇలాగే దొరుకుతాయి. వెనకటికి ముకద్దం ఉండేవాడు. కూలీలను తెచ్చేదీ అతనే, కూలీల తరఫున మాట్లాడేదీ అతనే. ఇప్పుడు ఆ మనిషినే సూపర్‌వైజర్ అంటున్నారు, అంతే.

దవాఖానాల సంగతి తనకు తెలుసని బావే నన్ను సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఓపీడీలో డాక్టర్ గారు కళ్ళు చూసి, పొట్ట నొక్కి అడిగారు. ఈ మధ్య ఆపరేషన్ అయిందా? రక్తం ఎక్కించారా? సూది ఏదైనా గుచ్చుకుందా?

నేను నోరు తెరిచేలోపే బావ అందుకున్నాడు. "కుఛ్ నహీ సాబ్. ఘర్ మే రహతీ హై."

నేను ఇంట్లో ఉండే మనిషినట! ఆ పూట కూడా నేను డ్యూటీ యూనిఫాంలోనే ఉన్నాను, పైన దుపట్టా కప్పుకున్నాను.

సూది గుచ్చుకుంది. రెండు నెలల కిందట, వార్డు బయట ఆసుపత్రి చెత్త వేసే పసుపు సంచి మూతి బిగించి కడుతుంటే కుడి అరచేతిలో దిగింది. సూదులు తెల్ల డబ్బాలో వేయాలి. ఎవరో తొందరలో సంచిలో పడేశారు. మాకిచ్చే గ్లౌజులు ఉల్లిపొర లాంటివి. గ్లౌజు లోపల రక్తం మడుగు కట్టింది. బావ వచ్చి చూశాడు, అటూ ఇటూ చూశాడు, నన్ను మోరీ దగ్గరికి తీసుకుపోయాడు.

"గింత దానికి లొల్లి జెయ్యకు అంజమ్మా. సబ్బువెట్టి కడుక్కో, ఏం గాదు. పైన దెలిస్తే కాంట్రాక్ట్ వోతది. మనోళ్ళందరి పనులు వోతయి."

కడుక్కున్నాను. కడుక్కోవడం తప్పు కాదని డాక్టర్లే చెప్పారు. అక్కడితో ఆపేయడం తప్పు.

ఓపీడీలో మరి ఎందుకు మాట్లాడలేదని మీరు అడగవచ్చు. పని ఇప్పించిన బావ పక్కన నిలబడి ఉండగా ఆయన మాట అబద్ధమని పరాయివాళ్ళ ముందు అనడం మా ఇళ్ళలో ఏ ఆడమనిషీ చేయలేదు. డాక్టర్ గారు కేస్ పేపర్ మీద "నో హిస్టరీ" అని రాసి రక్తపరీక్షలకు పంపారు.

రిపోర్టులు వచ్చేలోపు అక్క ఊరుకోలేదు. కామెర్లకు పసరు పోసే మనిషి దగ్గరికి తీసుకుపోయింది. పరగడుపున పచ్చటి పసరు తాగాను. వాంతులు ఎక్కువయ్యాయి, ఒళ్ళంతా దురద, గోళ్ళతో గీరుకుంటే చర్మం లేచి వచ్చేది. ఒక మధ్యాహ్నం మెట్ల మీదే కూలబడ్డాను. ఈసారి ఆటోలో మా ఆయన తీసుకెళ్ళాడు. వార్డులో అడ్మిట్ చేశారు. లివర్ పరీక్ష రిపోర్ట్ చూసి పెద్ద డాక్టర్ మండిపడ్డాడు. "ఈ జడీబూటీ ఎవరిచ్చారు? లివర్ ముందే దెబ్బతింది, దాన్ని ఇంకా కొట్టారు."

సాయంత్రం రౌండ్‌కు చిన్న వయసు లేడీ డాక్టర్ వచ్చింది. కర్టెన్ లాగి మంచం పక్కన కూర్చుంది. యాంటీ హెచ్‌సీవీ పాజిటివ్ అని చెప్పింది. హెపటైటిస్ సి. రక్తం నుంచి రక్తానికి వచ్చే జబ్బు. హెచ్ఐవీ మాత్రం నెగటివ్. "ఇక్కడ నువ్వూ నేనే ఉన్నాం. నిజం చెప్పు, ఎక్కడైనా సూది తగిలిందా?"

అరచెయ్యి చాపి మొత్తం చెప్పాను. ఆమె రాస్తూ రాస్తూ తలెత్తి అడిగింది. "నర్సింగ్ హోంలో ఇది రాసుకున్నారా? దెబ్బ తగిలిన రోజే నీ రక్తం పరీక్ష చేయించాలి. ఆ సూది ఏ పేషెంట్‌దో చూడాలి. రిజిస్టర్‌లో రాసి పైకి తెలియజేయాలి. అది యజమాని బాధ్యత, నీది కాదు."

యజమాని రాయాలన్న సంగతి నాకు అప్పుడే మొదటిసారి తెలిసింది. మా బావకు తెలుసు. తెలియకపోతే అంత జాగ్రత్తగా ఎందుకు దాస్తాడు?

మా ఆయనకు కూడా పరీక్ష చేశారు. నెగటివ్ వచ్చింది. టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని నా మంచం పక్కన కూర్చున్నాడు. "నాకు లేదంట. మరి నీకెట్లొచ్చె?" అన్నాడు. అరచెయ్యి చూపించాను. దాన్ని పట్టుకుని చూశాడు, మళ్ళీ ఎప్పుడూ ఆ మాట అడగలేదు. ఆ ఒక్క విషయంలో నాకు అదృష్టం ఉంది.

డిశ్చార్జ్ అయ్యాక నర్సింగ్ హోంకు వెళ్ళాను. నాకు కావలసింది ఒకటే. ఆ సూది వాళ్ళదని, వాళ్ళ దగ్గర గుచ్చుకుందని వాళ్ళు రాయాలి. మేనేజర్ నా ఆసుపత్రి కాగితాలు తిప్పాడు. చిరునామా దగ్గర ఆగాడు.

పనిలో చేరినప్పుడు నాగ్‌పాడా అని చెప్పాను. మా చాల్‌లో అందరం అలాగే చెబుతాం. ఒళ్ళమ్ముకునే వీధులకు పేరుపడ్డ పేట అది, కామాఠీపురా అనగానే ఎదుటివాళ్ళ కళ్ళు పైనుంచి కిందికి దిగుతాయి. ఆ చూపు పడలేక పక్క పేటను మా పేట చేసుకుంటాం. బావ కూడా నాగ్‌పాడా అనే రాయించుకున్నాడు.

"అచ్ఛా, కామాఠీపురా!" మేనేజర్ నవ్వాడు. "అక్కడ ఉంటూ ఈ జబ్బు మా దగ్గర వచ్చిందంటావా? అడ్రస్సే అబద్ధం చెప్పినదానివి, సూది సంగతి నిజం చెబుతావా?"

రిసెప్షన్ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బావ నా పక్కనే ఉన్నాడు. అదే చాల్‌లో పుట్టాడు, ఇద్దరు ఆడపిల్లలను అక్కడే పెంచుతున్నాడు. నేల చూస్తూ నిలబడ్డాడు. మర్నాటి నుంచి నన్ను పనికి రావద్దన్నారు.

ఆ వారమే అక్క ఇంటికి వెళితే నాకు విడిగా ప్లాస్టిక్ గ్లాసులో నీళ్ళిచ్చింది. "ఇగ నువ్వు దీంట్ల తాగు చెల్లె. ఏమనుకోకు, పిల్లలున్నరు." గ్లాసుతో, కంచంతో ఇది అంటదని డాక్టరమ్మ చెప్పిందని చెప్పాను. అక్క తల ఊపింది గాని గ్లాసు మార్చలేదు. బావ అన్నం తింటున్నాడు. నాకు అది ఎక్కడ అంటిందో ఆ రోజే కళ్ళారా చూసిన ఒకే ఒక్క మనిషి ఆయన. తల వంచుకుని పప్పు కలుపుకున్నాడు. నాకు కసి పుట్టింది అక్కడ. నీళ్ళు తాగకుండా లేచాను.

రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్ష అయ్యాక సర్కారు ఆసుపత్రిలోనే ఉచితంగా మందులు మొదలుపెట్టారు. మూడు నెలల కోర్సు. తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, చిన్న మాటకే ఏడుపు. డాక్టరమ్మ ప్రతిసారీ ఒకటే చెప్పేది, "ఒక్క మాత్ర కూడా వదలకు." వదలలేదు. నయం కావాలనే కోరిక ఎంతో, వాళ్ళ చేత రాయించేదాకా బతికి ఉండాలనే కోరిక కూడా అంతే.

ఆసుపత్రి సోషల్ వర్కర్ లేబర్ ఆఫీసు దారి చెప్పింది. నలభై దాటాక చాల్ ఆడవాళ్ళ సాయంత్రం తరగతిలో అక్షరాలు నేర్చుకున్నాను నేను. అర్జీ తెలుగులో రాస్తే టీచరమ్మ మరాఠీలోకి మార్చింది. ఆఫీసర్ నర్సింగ్ హోంకు వెళ్ళాడు. ప్రమాదాల రిజిస్టర్ తెల్లగా ఉంది. అక్కడ ఎప్పుడూ ఎవరికీ గోరు కూడా చిట్లలేదన్నమాట. సూపర్‌వైజర్‌ను అడిగితే, ఏమీ జరగలేదని బావ సంతకం పెట్టాడు. "సాక్షి లేకుండా నేనేం చేయనమ్మా?" అన్నాడు ఆఫీసర్.

సాక్షి మా కింది అంతస్తులో ఉన్నాడు.

మా చాల్‌లో సాయంత్రం నీళ్ళు వచ్చే వేళకు ఆడవాళ్ళందరూ కింది అంతస్తు నల్లా దగ్గర చేరతారు. బావ గుమ్మం నల్లాకు ఎదురుగానే ఉంటుంది. రోజూ పోయి ఆ గుమ్మం పక్కన గోడకు ఆనుకుని కూర్చోవడం మొదలుపెట్టాను. తిట్టలేదు, శాపాలు పెట్టలేదు. ఎవరు బిందె పెట్టినా వాళ్ళకు చెప్పాను. సంచి ఎలా కట్టానో, సూది ఎలా దిగిందో, బావ ఏమన్నాడో. మొదటి సాయంత్రం జాలిపడ్డారు. తర్వాత వాళ్ళే అడగడం మొదలుపెట్టారు.

"అప్పుడు నీ బావ ఏమన్నడే?" అనేది సత్తెమ్మ వదిన, తెలిసి తెలిసి, తలుపు వైపు మెడ చాపి గట్టిగా.

"సబ్బువెట్టి కడుక్కో, ఏం గాదు అన్నడు."

"ఏ సబ్బు? బట్టలదా, ఒంటిదా?"

"గది జెప్పలే వదినా. లోపలున్నడు, అడుగు."

నల్లా దగ్గర నవ్వులు. పిల్లలు ఆ మాట పట్టుకున్నారు. క్రికెట్‌లో ఎవడి మోకాలు చిట్లినా మిగతావాళ్ళు కోరస్‌గా "సబ్బువెట్టి కడుక్కో!" బావకు పంటి నొప్పి వచ్చి దవడకు గుడ్డ కట్టుకుని చాయ్ దుకాణానికి పోతే, చాయ్‌వాలా గ్లాసు అందిస్తూ అదే మాట అన్నాడట. గణపతి మండలి మీటింగ్‌లో ఆయన లేచి ఏదో చెప్పబోతే వెనక నుంచి ఎవరో, "నర్సింలన్నా, సబ్బు దెచ్చినవా?"

ఆ కబురు విన్న రోజు నాకు ఆకలి వేసింది. జబ్బు పడ్డాక మారు అన్నం పెట్టించుకోవడం అదే మొదలు.

అక్క పైకి వచ్చి ఏడ్చింది. "మా ఇజ్జత్ దీస్తున్నవే చెల్లె!"

"నేను తిడుతున్ననా అక్కా? ఆయన అన్న మాటనే చెప్తున్న. ఒక్క అక్షరం తప్పుంటే జెప్పుమను, దిద్దుకుంట."

ఒక ఆదివారం పొద్దున బావ మా గుమ్మం ముందుకు వచ్చాడు. లోపలికి రమ్మనలేదు.

"ఎప్పుడు బంద్ జేస్తవ్ అంజమ్మా?"

"ఆఫీసర్ ముందర నిజం జెప్పిన దినం."

"నా నౌకరీ వోతది."

"నాది వోయింది గద బావా. లివర్ గూడ సగం వోయింది."

మా ఆయన వెనక నుంచి ఏదో అనబోయాడు. చేత్తో ఆపాను. బావ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే లేబర్ ఆఫీసుకు పోయి ఉన్నదున్నట్టు చెప్పి వచ్చాడు.

మాత్రలు అయిపోయిన మూడు నెలలకు మళ్ళీ వైరల్ లోడ్ చేశారు. "టార్గెట్ నాట్ డిటెక్టెడ్" అని చదివి డాక్టరమ్మ నా భుజం తట్టింది. "క్యూర్ అయిపోయావు. మొదట చేసిన ఆ యాంటీబాడీ పరీక్షలో మాత్రం ఎప్పటికీ పాజిటివ్ అనే వస్తుంది, చూసి భయపడకు. మళ్ళీ సూది తగిలితే మళ్ళీ రావచ్చు, అది గుర్తుపెట్టుకో."

ఆ తర్వాతే లేబర్ ఆఫీసులో మేనేజర్‌ను కూర్చోబెట్టారు. నన్ను చూడగానే మెత్తగా మాట్లాడాడు. నయమైంది కదా, ఇంకేం కావాలి, రేపటి నుంచి డ్యూటీకి వచ్చేయ్ అన్నాడు.

"పహలే లిఖో," అన్నాను, ముందు అది రాయమని.

రాశాడు. తేదీ, వార్డు, పసుపు సంచి, కుడి అరచెయ్యి. చిరునామా దగ్గర పెన్ను ఆపాడు. నేనే చెప్పాను, "కామాఠీపురా." అతని చెవులు ఎర్రబడ్డాయి. సంతకం అయ్యాక ఆఫీసర్‌ను పైకి చదవమన్నాను. చదివాడు. ఇంకోసారి చదవమన్నాను. మేనేజర్ నిలబడి రెండోసారి కూడా విన్నాడు. అర్థం కాక అడగలేదు నేను. అతను వినాలని అడిగాను.

ఆ పనికి తిరిగి పోలేదు. ఇప్పుడు ఒక బడిలో ఊడుస్తాను. బజ్జీలు తింటాను, మెట్లు ఆగకుండా ఎక్కుతాను. నర్సింగ్ హోంలో ఇప్పుడు ఎవరికి సూది తగిలినా వెంటనే రక్తపరీక్షకు పంపుతున్నారని అక్కడి ఆడవాళ్ళు చెబుతారు. బావ సూపర్‌వైజర్ పని పోయింది. నాగ్‌పాడాలో ఒక కార్ఖానాకు వాచ్‌మన్‌గా ఉన్నాడు. అక్క నాతో మాట్లాడదు. జాలి వేయడం లేదా అని మా ఆయన అడిగాడు. వేయలేదు. వేసి ఉంటే ఇక్కడ రాసేదాన్ని.

ఇది చదివే మీలో చెత్త ఎత్తేవాళ్ళు, వార్డు తుడిచేవాళ్ళు ఉంటే ఒక్క మాట. సూది గుచ్చుకున్న రోజే కడుక్కుని నేరుగా సర్కారు ఆసుపత్రి క్యాజువాలిటీకి పోండి. ఆ రోజే రక్తపరీక్ష అడగండి. కొన్ని మందులు ఆలస్యమైతే పనిచేయవు. డాక్టర్ మిమ్మల్ని ప్రశ్న అడిగే ముందు, మీతో వచ్చిన ముకద్దంను, అతను ఎంత దగ్గరి చుట్టమైనా సరే, బయట నిలబడమని చెప్పండి.