సూది లేని కార్డు

"ఇంజెక్షనా? అదేం లేదు బహినీ, కార్డు ఒక్కటే ఇచ్చాడు" అని ఆమె నవ్వుతూ చెప్పగానే ఆ కార్డు అడిగి తీసుకున్నాను.

ఆమె కువైట్‌లో, మహబూలాలో మా ఎదురు ఫ్లాట్‌లో ఉండే నేపాలీ ఆవిడ. నేను డ్యూటీకి వెళ్తే మా పిల్లలిద్దర్నీ చూసుకునేది. బొలీవియాలో ఉన్న చెల్లెలికి నెలలు నిండాయని బయలుదేరుతోంది. వీసా కాగితాల్లో ఎల్లో ఫీవర్ టీకా కార్డు కూడా అడిగారు. వీసా పని చూసే ఏజెంటు, డాక్టరు సంతకం, ముద్ర ఉన్న కార్డు తెచ్చి చేతిలో పెట్టాడు.

ఏ కాగితం వచ్చినా ఆమె చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, "కాగజ్ క్యా బోల్తా హై?" అని నన్నడిగేది. స్కూలు నోటీసైనా, మందుల చీటీ అయినా అది ఏం మాట్లాడుతోందో తెలిస్తేగానీ మడిచేది కాదు. ఈ కార్డును మాత్రం చెల్లెలి దగ్గరికి వెళ్ళే తొందరలో అడక్కుండానే దాచుకుంది.

"ఇది అబద్ధం మాట్లాడుతోంది దీదీ. పట్టుబడితే వీసా ఇవ్వరు. చెల్లెల్ని చూడలేవు" అన్నాను.

వెంటనే ఏజెంటుకు ఫోన్ చేసి, "సూయీ కహా హై, భయ్యా?" అని సూది సంగతి అడిగింది. వాడేదో నసిగాడు. "తో ఖలాస్!" అని పెట్టేసింది. ఆ సాయంత్రమే క్లినిక్‌లో టీకా వేయించుకుంది. అక్కడిచ్చిన కొత్త కార్డు చెల్లడానికి పది రోజులు పడుతుందంటే ప్రయాణం వాయిదా వేసుకుంది. కాన్పుకు అందుకోలేకపోవచ్చని ఆమెకూ తెలుసు.

మర్నాడు పొద్దున పిల్లలకు చెప్పాను: "దీదీ ఇంకొన్నాళ్ళు మనతోనే ఉంటుంది. ఎడమ చెయ్యి పట్టుకుని లాగకండి, నొప్పిగా ఉంది."