హుస్సేనమ్మ అత్త కోసం కారంపూడి దాకా

పల్నాడు వైపు వెళ్లాలనుకుంటున్నామని, కారంపూడి ఎలా చేరాలని ఈమధ్య ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు. ఆ దారిన నేను మొదటిసారి వెళ్లింది ఎనభైల మధ్యలో, ఒక మార్చి నెలలో, మా నాన్నతో. అది ఊళ్లు చూడ్డానికి పెట్టుకున్న ప్రయాణం కాదు. మా మేనత్తను ఊళ్లోంచి వెళ్లగొడతామన్నారని తెలిసి పరుగున వెళ్లాం. దారి మాత్రం ఇప్పటికీ అదే గనుక, జరిగింది జరిగినట్టు చెబుతూ దారి కూడా చెబుతాను.

నాన్న పేరు మస్తాన్. విశాఖపట్నం రేవులో క్రేన్ల వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్. డ్యూటీ దిగాక కూడా ఆయన లోకమంతా తీగలూ రేడియో వాల్వులే. ఉప్పుగాలికి రాగి తీగ నెల తిరక్కుండా పచ్చబడేది. ప్రతి ఆదివారం డాబా ఎక్కి గరుకు కాగితంతో యాంటెన్నా అతుకులు రుద్దేవారు. రేడియోలో షార్ట్‌వేవ్ తిప్పుతూ, సముద్రంలో ఓడలు మాట్లాడుకునే గరగరలు వింటూ, ఆ ఓడ ఎటు పోతోందో అమ్మకు చెప్పేవారు. వీధిలో ఇస్త్రీపెట్టె చెడిపోయినా, పెళ్లివారి మైకు మొరాయించినా మా గుమ్మంలోకే వచ్చేవి. నేనప్పుడు బీఎస్సీ రెండో సంవత్సరం. ఆయన పక్కన కూర్చుని టంకం వేయడం నాకూ అలవాటే.

మా సొంతూరు నరసరావుపేట. దూదేకుల వాళ్లం. నాన్న చెల్లెలు హుస్సేనమ్మ భర్త పోయాక కూడా అత్తగారి ఊళ్లోనే ఉండిపోయింది. ఆ ఊరు కారంపూడికి నాలుగు మైళ్లు, పేరు రాయను. దూది ఏకి పరుపులు కుట్టుకుంటూ ఒక్కతే బతికేది. శుక్రవారం మధ్యాహ్నం ఆమె ఉత్తరం వచ్చింది. నాలుగే వాక్యాలు. ‘అన్నా, కోటయ్య గేదెలు రెండు చచ్చినాయి. పాలేరు అంకయ్యను ఏదో పట్టి ఇసిరేసింది. నేను చేతబడి చేశానంటున్నారు. ఆదివారం లోపల ఊరొదిలి పొమ్మన్నారు.’

నాన్న ఉత్తరం రెండుసార్లు చదివి, సెలవు చీటీ రాసి, సంచి సర్దారు. అందులో బట్టలకంటే పనిముట్లే ఎక్కువ. అమ్మ చూసి, అక్కడికి పోయి రేడియోలు బాగుచేస్తారా, చెల్లెల్ని తీసుకురండి చాలు అంది. నాన్న సంచి మూతి బిగించి కట్టారు. ఆడమనిషి తోడుంటే అత్త మనసు విప్పి మాట్లాడుతుందని నన్ను వెంట రమ్మన్నారు.

సాయంత్రం రైలెక్కి చీకటితోనే విజయవాడలో దిగాం. గుంటూరుకు ఒక బస్సు, అక్కడి నుంచి నరసరావుపేటకు ఇంకో బస్సు. ఈ రెండో బస్సులో ఎడమవైపు కూర్చోవాలి. ఫిరంగిపురం దాటేటప్పుడు కొండవీడు కొండలు ఆ పక్కనే కనిపిస్తాయి. మామూలుగా అయితే నాన్న ఆ కొండ మీద యాంటెన్నా పెడితే ఏ ఊళ్ల దాకా అందుతుందో లెక్క చెప్పేవారు. ఆరోజు తల ఎత్తలేదు. ఏడుంబావుకు నరసరావుపేటలో దిగాం. బస్టాండు ఎదురుగా పూరీలు వేసే హోటల్లో, ప్లేటు రూపాయిన్నర, నిలబడే తిన్నాం. వంటాయన ఎక్కడికని అడిగితే కారంపూడి పక్కకని నాన్న అన్నారు. ఆయన బాణలి మీంచి చూపు తిప్పకుండానే, “ఆ పక్క యాడో గొడ్లు నిలుచున్నట్టే పడి చస్తన్నాయంట. ఎవరో ఆడమనిషి చేయిస్తందంట. అమ్మాయిని జాగ్రత్తగా తీసకపో” అన్నాడు. మాట ముప్పై మైళ్లు దాటి వచ్చేసింది.

కారంపూడి బస్సు ఏడూ ముప్పావుకు. టికెట్టు ఆరు రూపాయల చిల్లర, రెండుంబావు గంటల దారి. మార్చిలో ఆ దారంతా మిరప కల్లాలే. రోడ్డుకు రెండువైపులా ఎర్రగా పరిచి ఉంటాయి, కిటికీ పక్కన కూర్చుంటే దగ్గు తప్పదు. చేలకు కంచెలుగా బండలు నిలబెట్టి ఉంటాయి. పదింటికి కారంపూడిలో దిగాం. నాగులేరు ఎండిపోయి ఇసుక తేలి ఉంది. జట్కా అతను ఐదు రూపాయలకు ఒప్పుకున్నాడు. ఎవరింటికని దారిలో అడిగాడు. పరుపుల హుస్సేనమ్మ ఇంటికని చెప్పాం. ఊరు రెండు ఫర్లాంగులు ఉందనగా బండి ఆపేశాడు.

“నేనిక్కడిదాకానే సాయిబూ. గుర్రం నోరులేని జీవం. నాకున్నది అదొక్కటే.”

నాన్న వాదించలేదు, డబ్బు తగ్గించలేదు. సంచి భుజానికెత్తుకుని నడిచారు.

అత్త తలుపు గడియపెట్టుకుని ఉంది. మమ్మల్ని చూసి ఏడవలేదు. మంచినీళ్లిచ్చి, దూది కుప్ప పక్కన చాప వేసింది. ఆ కుండలో నీళ్లు కూడా రెండు రోజుల కిందటివని, బావి దగ్గరికి రానివ్వడం లేదని తర్వాత తెలిసింది. నాన్న కూర్చుంటూనే ప్రశ్నలు మొదలుపెట్టారు. గేదెలు ఎక్కడ పడ్డాయి, ఏ వేళప్పుడు, అప్పుడు మోటారు తిరుగుతోందా లేదా. రెండూ అత్త ఇంటికి ఎదురుగా ఉన్న కోటయ్య బావి దగ్గర నీళ్లతొట్టి ముందే పడ్డాయి. రెండుసార్లూ మోటారు వేసి ఉంది. అంకయ్యను విసిరేసిందీ అక్కడే, గొట్టం పట్టుకున్నప్పుడు. అతను మంచంలో ఉన్నాడు. మరి నువ్వూ ఆ తొట్టి దగ్గరే నీళ్లు పట్టుకుంటావుగా, నీకేం కాలేదా అని నాన్న అడిగారు. ఏమీ కాలేదని, ఊరంతా అడిగేది కూడా అదేనని అత్త చెప్పింది. నాన్న ఆమె కాళ్ల వైపు చూశారు. మడమలు పగిలి నెత్తురు కారుతుంటే, రెండేళ్లుగా ఆమె రబ్బరు చెప్పులు లేకుండా అడుగు వేయడం లేదు.

అప్పుడు నాన్న గొంతు తగ్గించి, నువ్వు ఎవరినైనా ఏమైనా అన్నావా అని అడిగారు. అత్త చాప అంచు పీకడం మొదలుపెట్టింది. కోటయ్య గేదె ఎండబెట్టిన దూది తొక్కి పాడుచేస్తే, కోపంలో, ఆ గొడ్డు నీళ్లు తాగుతూ చావాలని తిట్టానని ఒప్పుకుంది. మూడో రోజు అట్లాగే చచ్చింది. నాన్న లేచి అంకయ్యను చూసి రావడానికి బయటికి వెళ్లాక, నాతో మెల్లగా అంది: “నా నోటి వల్లనే పోయిందేమోనని నాక్కూడా బయంగానే ఉందమ్మా.”

మోటార్లకు కరెంటిచ్చే వేళ వారం వారం మారేది, ఆ వారం పన్నెండింటికి. నాన్న కోటయ్య దగ్గరికి వెళ్లి ఒక్కసారి బావి చూడనివ్వమని అడిగారు. కోటయ్యకు యాభై ఏళ్లుంటాయి. రెండు పాడిగేదెలు పోయిన మనిషి, కళ్ల కింద గుంటలు పడ్డాయి. మోటారు కొత్తదని, దానికేం రోగం లేదని, చూసుకుని చెల్లెల్ని తీసుకుపొమ్మని అన్నాడు. పన్నెండయ్యేసరికి బావి చుట్టూ ముప్పై నలభై మంది చేరారు. నాన్న సంచిలోంచి మీటరు తీసి మళ్లీ లోపల పెట్టేశారు. ముల్లు కదిలితే వీళ్లకేం అర్థమవుతుంది అని నాతో అన్నారు. హోల్డరుకు చిన్న బల్బు బిగించి, ఒక తీగ మోటారు గొట్టానికి కట్టారు. ఇంకో తీగ, పది గజాల దూరంలో నేలలో దిగేసిన గడ్డపారకు కట్టారు. గొట్టంలో కరెంటు ఉంటే బల్బు వెలుగుతుందని అందరికీ వినబడేలా చెప్పారు. నన్ను స్టార్టరు దగ్గర కాళ్ల కింద చెక్కపలక వేసి నిలబెట్టారు. నేను చెబితే ఆకుపచ్చ మీట, నేను అరిస్తే ఎర్ర మీట, ఇంకేం ఆలోచించకు అన్నారు.

కరెంటు వచ్చింది. ఆకుపచ్చ మీట నొక్కాను. మోటారు మూలుగుతూ అందుకుంది, గొట్టంలోంచి తొట్టిలోకి నీళ్లు దూకాయి. బల్బు వెలగలేదు.

నాన్న అతుకులు ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చారు. వెలగలేదు. ఎవరో నవ్వారు. వెనక ఒకామె, ఇంకా ఏందిరా చూసేది, ఆమెను పంపించండి అంది. అత్త ఇంటి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమె వైపు నేను చూడలేకపోయాను. కోటయ్య తలపాగా విప్పి గట్టు మీద పడేశాడు.

“కరెంటంట, కరెంటు. నేనే పట్టుకుంటా, అందరూ చూడండి.”

ఒట్టి కాళ్లతో, బురదలో, తిన్నగా తొట్టి వైపు నడిచాడు. నాన్న “ఆపు” అని అరిచిన అరుపు నాకు ఇప్పటికీ వినబడుతుంది. ఎర్ర మీట నొక్కాను. కోటయ్య రెండు చేతులతో గొట్టం పట్టుకున్నాడు. ముందు మీట పడిందో, ముందు ఆయన చెయ్యి పడిందో నాకు తెలియదు. ఆయన నిలబడే ఉన్నాడు. నేను స్టార్టరు పెట్టె పక్కనున్న గుంజ పట్టుకున్నాను.

ఏమీ కాలేదు చూశారా అన్నాడు కోటయ్య. మా అమ్మాయి ఆపేసింది, అందుకే బతికావు అన్నారు నాన్న. ఆ మాట ఎవరూ లెక్కచేయలేదు. మనుషులు కదిలిపోవడం మొదలైంది. నాన్న గడ్డపార దగ్గర మోకాళ్ల మీద కూర్చుని మట్టి చేత్తో నలిపి చూశారు. పొడిపొడిగా రాలింది. వేసవి నేల, తడి లేని చోట కరెంటుకు దారి ఉండదు. తలెత్తి, ఒక్క బిందె నీళ్లు పోయండి అని అడిగారు. ఎవరూ కదల్లేదు. ఆ తీగల దగ్గరికి రావడానికి ఎవరికీ ధైర్యం లేదు, నాన్న మాట మీద నమ్మకమూ లేదు.

అత్త ఇంట్లోకి వెళ్లింది. కుండలో మిగిలిన రెండు రోజుల నీళ్లు బిందెలో వంపుకుని, జనం మధ్యలోంచి వచ్చింది. ఆమెకు తగలకుండా మనుషులు చీలి దారి ఇచ్చారు. గడ్డపార చుట్టూ చుక్క మిగల్చకుండా పోసింది. నాన్న ఆమెను వెనక్కి నిలబెట్టి, కోటయ్య చెయ్యి పట్టుకుని పక్కకు లాగి, నా వైపు తల ఊపారు. ఆకుపచ్చ మీట నొక్కాను.

బల్బులో తీగ ముందు ఎర్రబడింది. తర్వాత పసుపుగా, మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా కనబడేంతగా వెలిగింది. కోటయ్య తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. అలాగే నేల మీద కూర్చున్నాడు.

మెయిను ఆపించి వెతికితే పావుగంటలో దొరికింది. గొట్టం వెంట గోనెతాడుతో కట్టిన తీగ, మోటారు అదురుకు రాసుకుని రాసుకుని పైతొడుగు అరిగిపోయింది. దానికంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. మోటారు నుంచి భూమిలోకి పోవాల్సిన ఎర్తు తీగ అసలు లేనే లేదు. తెగిన మొదలు మాత్రం ఉంది. ఇది ఎవరు తీశారని నాన్న అడిగారు. కోటయ్యే కూర్చున్న చోటినుంచి అన్నాడు: “నేనే తీసేశానయ్యా. అరక తోలేటప్పుడు అడ్డమొస్తందని. వట్టి తీగే గదా అనుకున్నా.” తెగిన మొదలు వైపు చూస్తూ, “అంకయ్యను నేనే చంపేవాణ్ణి” అన్నాడు.

నాన్న సాయంత్రం దాకా అక్కడే ఉన్నారు. తీగ మార్చి, కొత్త గుంట తవ్వించి బొగ్గూ ఉప్పూ వేసి ఎర్తు పెట్టించారు. తవ్వింది కోటయ్యే. ఊరి పెద్ద ఒకాయన వచ్చి, సరేలే, ఆమెను ఉండమనండి అని చెప్పి వెళ్లాడు. అత్తకు ఎవరూ క్షమాపణ చెప్పలేదు. మమ్మల్ని సాగనంపుతూ అత్త ఊరి చివరి దాకా వచ్చింది. మాతో విశాఖ వచ్చేయమని నాన్న అడిగారు. ఇప్పుడు వస్తే నిజంగా నేనే చేశాననుకుంటారు, రాను అంది. తర్వాత ఆయన ముఖంలోకి చూసింది.

“బల్బు ఎలిగింది కాబట్టి సరిపోయింది అన్నా. ఎలగకపోతే, నీ లెక్కలో కూడా నేను చేసినట్టేనా?”

నాన్న ఆమె తల మీద చెయ్యి పెట్టారు.

ఆ తర్వాత ఆ ఊరికి చాలాసార్లు వెళ్లాను. అత్త చివరిదాకా అక్కడే ఉంది. కోటయ్య ఇంట పెళ్లికి పరుపులు కూడా ఆమే కుట్టింది. ఆయన ఇచ్చిన పాలు మాత్రం ఎప్పుడూ తీసుకోలేదు. ఆరోజు నాన్న గెలిచారని నేను చాలా ఏళ్లు అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. వయసు పెరిగాక ఆ కథ చెప్పే తీరు మారింది. ఒక మనిషి ఏ తప్పూ చేయలేదని నమ్మడానికి నలభై మందికి ఒక బల్బు కావలసి వచ్చింది. ఆ నలభై మందిలో మేమూ ఉన్నామేమోనన్న సంగతి నాన్న నాతో ఎప్పుడూ ఎత్తలేదు, నేనూ అడగలేదు. తిరుగు బస్సులో మాత్రం ఆయన కిటికీ వైపు ముఖం తిప్పుకునే కూర్చున్నారు.

మీరు ఆ వైపు వెళ్తే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. కారంపూడిలో దిగగానే, బస్టాండు దాటకముందే, తిరుగు బస్సు ఎన్నింటికో కండక్టరును అడిగి తెలుసుకోండి. లోపలి ఊళ్లలో పని ఎప్పటికి తెములుతుందో చెప్పలేం. సాయంత్రం ఆఖరి బస్సు తప్పితే నరసరావుపేట చేరడం కష్టం.