మూడో పిలుపు బాబాయి

కోర్టులో ఆయన్ని అసలు పేరుతో పిలిచినవాళ్ళు లేరు. కుర్ర లాయర్ల దగ్గర్నుంచి నెరిసిన లాయర్ల దాకా అందరికీ ఆయన ‘మూడో పిలుపు బాబాయి’. పని బంట్రోతు పని. కోర్టు హాలు గుమ్మంలో నిలబడి కేసు నంబరూ పేర్లూ మూడుసార్లు గట్టిగా పిలవాలి. మూడోసారికీ లాయరు రాకపోతే జడ్జిగారు కేసు కొట్టేస్తారు. ఆ గొంతుందే, చెప్పొద్దూ, ఆయన దగ్గితే వరండాలో నిద్రపోయే పిల్లి ఉలిక్కిపడి లేచేది.

అయితే అంత గొంతూ బార్ రూమ్ దాకా మాత్రం వెళ్ళేది కాదు. లాయర్లు కూర్చునే ఆ గది వరండా చివర, మలుపు తిరిగాక ఉంటుంది. పైగా లోపల వాళ్ళ వాదనల హోరొకటి! అందుకని ఆయన సొంతంగా ఒక పద్ధతి పెట్టుకున్నాడు. రెండుసార్లు గుమ్మంలో పిలిచి, మంచినీళ్ళకని బయల్దేరి, బార్ రూమ్ కిటికీ ఊచల మీద వేలితో టకటకమని కొట్టి, “సార్, మీ కేసు!” అనేవాడు. తిరిగొచ్చి తీరిగ్గా మూడో పిలుపు పిలిచేవాడు. అప్పటికి లాయరు పరుగున వచ్చి పడేవాడు.

ముప్ఫై ఏళ్ళు ఇలాగే గడిచింది. లాయర్లేమో ఓపికగల జడ్జీలే ఈయన్ని పంపుతున్నారనుకున్నారు, జడ్జీలేమో లాయర్లు ఇక్కడే ఎక్కడో ఉన్నారనుకున్నారు. మధ్యలో ఈయన మోకాళ్ళు అరిగిపోయాయి. ఆ సంగతి ఎవడికి పట్టింది?

అలాంటిది, రిటైర్మెంటుకి ఇంకో నాలుగు నెలలుందనగా కొత్త జడ్జిగారు వచ్చారు. ఆవిడ గడియారంతో పాటే పుట్టిందేమోనన్నంత టైము మనిషి. ఒక సోమవారం ఈయన మోకాలు బూరెలా వాచింది. ఆ ఒక్క రోజుకీ బార్ రూమ్ దాకా నడవలేక, మూడు పిలుపులూ గుమ్మంలోనే కానిచ్చేశాడు. ఖర్మ కాలి అది సాక్షాత్తూ లాయర్ల సంఘం అధ్యక్షుడి కేసు. ఆయన బార్ రూమ్‌లో, కొట్టు కోసం ఏడేళ్ళుగా కొట్లాడుతున్న దర్జీ ఆవిడ చేత కాగితాల మీద సంతకాలు పెట్టిస్తున్నాడు. ఇక్కడ హాల్లో ఆ దర్జీ ఆవిడ కేసే కొట్టేశారు.

అంతే, బార్ రూమ్ భగ్గుమంది. “ఈవిడకి లాయర్లంటే లెక్కలేదు! రేపు మధ్యాహ్నం తీర్మానం, ఎల్లుండి నుంచి ఆ కోర్టులో అడుగు పెట్టేది లేదు!” అని అధ్యక్షుడు బల్ల గుద్దాడు. మూల కూర్చుని దర్జీ ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది. కేసులన్నీ అయ్యాక గోడ పట్టుకుని కుంటుతూ వచ్చి, కిటికీ బయట నిలబడి విన్న ఈయన పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క అయింది. నిజం చెబితే ముప్ఫై ఏళ్ళ సొంత పెత్తనం బయటపడి ఉద్యోగం ఊడుతుంది. చెప్పకపోతే ఏ పాపమూ ఎరగని జడ్జిగారు మాట పడుతుంది.

ఆ సాయంత్రం ఇంట్లో భార్య ఎప్పటిలాగే భోజనానికి మూడుసార్లు పిలిచింది. మూడోసారికి గానీ పలకడం ఆయనకి అలవాటు లేదు. ఈసారి మూడోదానికీ పలకలేదు. ఆవిడే వచ్చి సంగతంతా లాగింది.

“మీ మోకాలు చేసిన పనికి ఆ మహాతల్లి తిట్లు తినాలా? పొద్దున్నే వెళ్ళి చెప్పేయండి.”

“ఉద్యోగం పోతే?”

“నాలుగు నెలలు ముందే ఇంటికొస్తారు. మిమ్మల్ని భరించడం నాకు కొత్తా?”

మర్నాడు పొద్దున జడ్జిగారి ఛాంబరులో చేతులు కట్టుకుని మొత్తం కక్కేశాడు. ఆవిడ కలం కింద పెట్టింది.

“అయితే ఈ లాయర్లు రెండు పిలుపుల దాకా రాకుండా మూడోదానికే ఠంచనుగా రావడం నన్ను పరీక్షించడానికి కాదన్నమాట!”

“అయ్యో, అది నా నడక మేడం. వాళ్ళకి వినపడితేగా?”

ఆవిడ మొదట పెదవి బిగబట్టింది, తర్వాత నవ్వు ఆపుకోలేకపోయింది. “మీకు మెమో ఇవ్వాల్సిందే. రాసుకోండి. రెండు రోజులు సెలవు, మోకాలు డాక్టరుకి చూపించుకోవాలి. దానికి ముందు అధ్యక్షుడిగారిని టీకి పిలవండి.”

ప్రాణం లేచొచ్చి ఈయన నోరు ఊరుకోలేదు. “ఎన్నిసార్లు పిలవమంటారు మేడం?”

“ఒక్కసారే!”

అధ్యక్షుడు మొహం గంటు పెట్టుకునే వచ్చాడు. దారిలో కథంతా విన్నాడేమో, ఛాంబరు చేరేసరికి కళ్ళజోడు తీసి నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటున్నాడు. రెండు టీలు తాగేలోపు తీర్మానం కాగితం నాలుగు మడతలై జేబులోకి పోయింది. నడుస్తున్న కేసు నంబరు కనపడేలా బార్ రూమ్‌లో ఒక బోర్డు పెట్టించారు. ఇంకో కోర్టులో పనున్న లాయరు పొద్దున్నే చీటీ ఇవ్వాలన్నారు. నెలకోసారి రెండు పక్షాలూ కూర్చుని ఉన్న మాట మొహం మీదే చెప్పుకోవాలన్నారు. దర్జీ ఆవిడ అర్జీ పెట్టుకుంటే, అవతలి లాయరు కూడా అడ్డు చెప్పలేదు, కేసు మళ్ళీ తెరిచారు. కొత్త పద్ధతిలో మొదటి వారం ఈయనకి ఏమీ తోచలేదు పాపం! మొదటి పిలుపుకే హాలు నిండిపోతుంటే ఇంక మిగతా రెండూ ఎవరికోసం?

నాలుగు నెలలూ ఇట్టే తిరిగాయి. చివరిరోజు చివరి కేసు అయ్యాక ఎవరూ లేవలేదు. ఈయన కంగారుగా చూస్తున్నాడు.

జడ్జిగారు పీఠం మీద నుంచి అంది: “ముప్ఫై ఏళ్ళు అందరినీ పిలిచిన మనిషిని మనం ఒక్కసారీ సరిగ్గా పిలవలేదు. అధ్యక్షుడిగారూ, కానివ్వండి.”

అధ్యక్షుడు లేచి, ఏ మారుపేరూ లేకుండా, ఆయన అసలు పేరుకి ‘గారు’ తగిలించి గొంతెత్తి పిలిచాడు. మొదటి పిలుపుకి పలికే అలవాటు ఈయనకి లేదాయె. రెండోసారి జడ్జిగారే పిలిచింది. ఈయన కన్నీళ్ళు తుడుచుకుంటూ నిలబడిపోయాడు.

అప్పుడు గుమ్మంలోంచి, ఆయన రోజూ నిలబడే చోటు నుంచి, మూడో పిలుపు వినపడింది.

“ఏమండీ! ఇంటికి రండి!”

హాలంతా ఘొల్లున నవ్వింది. మూడో పిలుపుకి పలకకపోతే ఏమవుతుందో ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు? “వచ్చా, వచ్చా!” అంటూ కుంటుకుంటూనే పరుగెత్తాడు.