పెద్దసారు పట్టి ఉంచిన మెమరీ

అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు పోయే దారిలో, ఒక పాత భవనం మూడో అంతస్తులో మా సర్వర్ల గది. రెండువేల దశకం చివరి సంవత్సరాలవి. మూడు సర్వర్లను ఒక క్లస్టర్‌గా కలిపి, వాటి మీద నానా ఆఫీసుల వర్చువల్ మెషీన్లు, అంటే సాఫ్ట్‌వేర్‌తో కట్టిన కంప్యూటర్లు, నడిపేవాళ్లం. ఒకే ఇంట్లో వాటాలకు దిగిన కుటుంబాల్లాగా అవి మెమరీని పంచుకోవాలి. ఎవరి వాటా ఎంతన్నది చూడటం నా పని.

మా నగరంలో బస్సు ఆగకముందే కిటికీలోంచి రుమాలు విసిరి సీటు పట్టుకుంటారు. మా కంపెనీ యజమాని పెద్దసారు చేసిందీ అదే. తను లెక్కలు చూసుకునే మెషీన్‌కని దాదాపు ఒక సర్వర్ మెమరీ అంతా రిజర్వు చేయించారు. వాడినా వాడకపోయినా దాన్ని ఇంకొకరు ముట్టకూడదు. ఆ మెషీన్ నెలాఖరున కళ్లు తెరిచేది, మిగతా రోజులు గుర్రుపెట్టేది. ఇది అన్యాయమని చెప్పి చూశాను. నీకెందుకన్నారు. ఒళ్లు మండిపోయింది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఏసీ మొరాయించి, వేడికి ఒక సర్వర్ ఆగిపోయింది. దాని మీద ఉన్నవన్నీ మిగతా రెండింటి మీద లేవాలి. ఉన్న మెమరీలో సగం పెద్దసారు రిజర్వుకే పోవడంతో, చాదర్‌ఘాట్‌లో ఒక దవాఖాన మెషీన్ మాత్రం మెమరీ చాలక లేవలేదు. కౌంటర్ దగ్గరి అమ్మాయి ఫోన్ చేసింది.

"మేడం, బ్లడ్ రిపోర్టులు తెరుస్తలేవు. ఆపరేషన్ ఉంది, డాక్టర్ గీడనే నిలబడ్డడు."

మా మేనేజర్ భయస్తుడు. పెద్దసారు ఖైరతాబాద్‌లో మీటింగ్‌లో ఉన్నారు, ఫోన్ ఎత్తడం లేదు, వచ్చాక అడుగుదామన్నాడు.

"జర ఆగమ్మా. నౌకరీ మీదికి తెచ్చుకోకు."

ఆగలేదు. నిద్రపోయే మెషీన్‌కు కాపలా కాయడానికా నేను చదువుకున్నది? రిజర్వు తీసేసి దవాఖాన మెషీన్‌ను లేపాను. పెద్దసారు మెషీన్‌కు ఏమీ కాలేదు.

సాయంత్రం పెద్దసారు నన్నూ మేనేజర్‌నూ పిలిపించారు. ఎవరినడిగి తీశావన్నారు. ఎవరినీ అడగలేదన్నాను. క్షమాపణ చెప్పి రిజర్వు మళ్లీ పెట్టు, లేదంటే రేపటి నుంచి రావద్దన్నారు. మా ఇంట్లో నాదొక్కటే జీతం. అయినా నోరు ఊరుకోలేదు.

"పెట్టను సార్. ఇంకెవరన్న పెడితే మల్ల తీస్త."

ఆయన మొహం కందగడ్డయింది. మేనేజర్ వైపు తిరిగి, "అయితే నువ్వు పెట్టు" అన్నారు.

"నేను గూడ పెట్టను సార్" అన్నాడు మేనేజర్.

మర్నాడు ఇద్దరం మామూలు వేళకే వెళ్లి మా కుర్చీల్లో కూర్చున్నాం. పెద్దసారు మమ్మల్ని చూసి తన గదిలోకి వెళ్లిపోయారు. మా నౌకరీలూ పోలేదు, ఆ రిజర్వూ మళ్లీ ఎవరూ పెట్టలేదు.