దిద్దినవాడే సాక్షి

గాసికి అక్షరం ముక్క రాదు. అయినా ఓవర్సీరు జగన్నాథరావు నవలని దిద్దింది గాసే. వానాకాలమంతా ఓపిగ్గా, వాక్యం వాక్యం పట్టి దిద్దాడు. ఎందుకంత ఓపిక పట్టాడో తెలియాలంటే ముందు అతని కడుపులో మంట సంగతి తెలియాలి.

గాలికొండ కింద నుంచి అరకు లోయకి ఘాట్ రోడ్డు వేస్తున్న రోజులవి. వెయ్యిన్నీ తొమ్మిది వందల ఇరవై మూడు వేసవిలో ఒక మలుపు దగ్గర బండ అడ్డం వచ్చింది. బండకి మందుగుండు పెట్టి వత్తి ముట్టించే ముందు ఇనపగంట మూడుసార్లు కొట్టాలి. గంట వింటే కూలీలు దూరంగా చెట్ల చాటుకి పోతారు. ఆ రోజు మధ్యాహ్నం కూలీలంతా గెడ్డవాగు ఒడ్డున అంబలి తాగుతున్నారు. గాసి అన్న మాత్రం మరిచిపోయిన గునపం కోసం బండ కిందికి దిగాడు. బండ పేలింది. గంట ఎవరికీ వినపడలేదు. గెడ్డ హోరులో కలిసిపోయిందేమోలే అన్నారు. ఓవర్సీరు మాత్రం ఆ సాయంత్రమే పై ఆఫీసుకి కాగితం రాసి పంపాడు, కూలీ ఒకడు మందుగుండు దొంగిలిస్తూ పేలి చచ్చాడని.

గాసివాళ్ళు గదబలనే కొండజాతివాళ్ళు. వాళ్ళ ఊళ్ళో మనిషి పోతే ఒక రాయి నిలబెడతారు. రాయి నిలిచాకే ఆ మనిషి పెద్దల్లో కలుస్తాడు, అంతవరకూ పొలిమేర బయటే తిరుగుతుంటాడు. దొంగకి రాయి లేదు. అన్న పెళ్ళాం పేరు కనక. ఆమె రోజూ పొలిమేర దాకా వెళ్ళి ఆకుదొన్నెలో అంబలి పెట్టి వచ్చేది. ఆమె తల వంచుకుని తిరిగి రావడం చూసినప్పుడల్లా గాసికి ఒళ్ళు మండిపోయేది.

ఒకసారి గొడ్డలి పట్టుకుని బయలుదేరాడు కూడా. ఊరిపెద్ద యర్రయ్య దారికి అడ్డం నిలబడ్డాడు.

"నరికెయ్యి. నరికితే ఏటవుద్ది? ఆ నోరు మూసుకుపోద్ది. మీ అన్నకి కావలసింది ఆ నోరేరా. అక్కడ ఏటయిందో సూసినోడు ఒకడొచ్చి సెప్తే, రాయి నిలబెడదుము."

చూసినవాడు ఒక్కడే. వత్తి ముట్టించినవాడు, ఓవర్సీరు.

గాసి గొడ్డలి ఇంట్లో పెట్టి, ఓవర్సీరు బంగళాలో వంటకి కుదిరాడు. చచ్చినవాడి తమ్ముడని జగన్నాథరావుకి తెలియదు. ఆయన కళ్ళకి కొండవాళ్ళంతా ఒక్కలాగే ఉండేవారు. రెండేళ్ళపాటు గాసి ఆయనకి వేడివేడిగా వండి వడ్డించాడు. పులుసు మరుగుతుంటే చెయ్యి ఎన్నిసార్లు అడవి విషపు పసరు వైపు పోయిందో గాసికే తెలుసు. ప్రతిసారీ యర్రయ్య మాట గుర్తు తెచ్చుకుని చెయ్యి వెనక్కి తీసుకునేవాడు.

ఇరవై ఆరు వానాకాలంలో దారి దొరికింది. జగన్నాథరావు రహస్యంగా ఒక నవల రాసి రాజమండ్రిలో ఒక అచ్చాఫీసుకి పంపాడు. అడవిలో రోడ్డు వేసే విజయభూపతి అనే వీరుడి కథ అది. వీరుడంటే ఎవరో వేరే చెప్పాలా? కట్ట కట్టినట్టే తిరిగొచ్చింది, మీద ఒక ఉత్తరంతో. ఆయన ఆ ఉత్తరాన్ని వరండాలో అటూ ఇటూ తిరుగుతూ పైకే చదువుకున్నాడు: "పాత్రలకు ప్రాణము లేదు. నాయకుడు తప్పే చేయడు, కావున అతనిపై మాకు ఆసక్తి కలుగలేదు. ఏది ఎందుకు జరిగినదో తెలియదు. ఎవరి కన్నులతో చూచుచున్నామో అంతకన్న తెలియదు."

"కళ్ళు లేని కబోదులు!" అని తిట్టి, గాసి వైపు తిరిగాడు. "ఒరేయ్, పనేం లేదుగా, ఇలా కూర్చో. చదువుతాను. ఊఁ కొట్టడం వచ్చా?"

"అదొక్కటే వొచ్చు బాబూ," అన్నాడు గాసి.

నిజమే చెప్పాడు. వాళ్ళ ఊళ్ళో ఊఁ కొట్టేవాడంటే తల ఆడించే గంగిరెద్దు కాదు. కథ గాడి తప్పితే ఊఁ ఆగిపోతుంది, చెప్పేవాడు వెనక్కి వెళ్ళి మళ్ళీ చెప్పాలి. మామూలుగా అంతవరకే. కాని పోయిన పెద్దల పేర నిలబెట్టిన రాళ్ళ గద్దెల దగ్గర, ఊరంతా కూర్చున్న చోట, ఎవడైనా నోరు తెరిచి "అలా కాదు, ఇలా జరిగింది" అన్నాడంటే వాడు కళ్ళారా చూసినవాడన్నమాటే. ఆ తరవాత ఆ కథకి వాడే సాక్షి. అందుకే అక్కడ తెలివైనవాడెవడూ కథ దిద్దడు. ఈ సంగతి ఓవర్సీరుకి ఎవరూ చెప్పలేదు. ఆయన అడగనూ లేదు.

బయట వాన కురుస్తుంటే ఆయన ఏడో ప్రకరణం తీశాడు. విజయభూపతి గుర్రం మీద నిలిచి గంట కొట్టించాడట. దుష్టుడైన కొండవాడొకడు మందుగుండు దొంగిలిస్తూ తన పాపానికి తానే బలైపోయాడట. గాసి ఊఁ ఆగిపోయింది.

"ఏమైందిరా?"

"ఆడు మందెందుకు దొంగిలిస్తాడు బాబూ?"

"అమ్ముకోడానికి."

"ఎవులికి? ఈ కొండల్లో అది కొనీవోడు ఎవుడున్నాడు?"

జగన్నాథరావు కాగితాలు తిరగేశాడు. గాసి మెల్లగా ఇంకో మేకు దిగ్గొట్టాడు.

"మీ దొర మీదెక్కడో గుర్రమెక్కి ఉన్నాడు. గోతిలోవోడి సెయ్యి ఏటి సేత్తందో ఆయనకెలగ కనబడింది?"

"పోరా వెధవా, వంట చూసుకో!" అని గ్లాసు విసిరికొట్టాడు ఓవర్సీరు. కాని ఆ రెండు ప్రశ్నలూ ఉత్తరంలోవాటికి కవలల్లా ఉన్నాయి. మర్నాడు మధ్యాహ్నం ఆయనే పిలిచాడు. కొత్తగా రాసినదాంట్లో కొండవాడు దొంగ కాడు, తాగుబోతు. గాసి ఊఁ కొట్టలేదు. ఆ తరవాత రాసినదాంట్లో గంట తాడు తెగిపోయింది. గాసి అడిగాడు, "తాడు తెగితే గంట సేత్తో కొట్టకూడదేటి?"

"అబ్బా! మరి నాయకుడు తప్పు చేశాడని రాయమంటావా?"

"తప్పు సెయ్యనోడు దేవుడు బాబూ. దేవుడికి కోణ్ణి కోసి మొక్కేస్తాం. ఆడి కత ఎవులింతారు?"

జగన్నాథరావు మూడు రోజులు రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాడు. నాలుగో రోజు చదివాడు. పై అధికారి మర్నాడు తనిఖీకి వస్తున్నాడు. బండ ఆ పూటే తొలగాలి. "విజయభూపతి గంట వైపు చూచెను. కొట్టినచో కూలీలందఱు పోవుదురు, మరల రప్పింప అరపూట పట్టును. చూపు మరల్చి వత్తి ముట్టించెను."

"ఊఁ," అన్నాడు గాసి. మూడేళ్ళుగా వెతుకుతున్నది అదే. ఓవర్సీరు కళ్ళు తుడుచుకుంటున్నాడు. గాసి ఒక్క క్షణం ఆశపడ్డాడు. తీరా చూస్తే ఆ కన్నీళ్ళు విజయభూపతి కోసం. పాపం, అంత గొప్పవాడు అంత మనోవ్యథ ఎలా భరించాడో అని!

ఇంకొక్కటి మిగిలింది. "గోతిలోంచి సెప్పు బాబూ," అన్నాడు గాసి. "గుర్రం దిగి, ఆడి కళ్ళతో సూడు."

రాశాడు. పొగరు ఎంత ఉన్నా ఆ మనిషి చేతిలో విద్య ఉంది, కాదనకూడదు. బండ కింద చల్లదనం, చేతికి తగిలిన గునపం పిడి, తల పైన ఎక్కడో వత్తి బుసబుసమనే చప్పుడు, అది పామేమో అని ఆ మనిషి తల పైకెత్తడం. గాసి మధ్యలోనే లేచి వెళ్ళి, వానలో నిలబడి, అక్కర్లేని కట్టెలన్నీ చీల్చాడు. వెనకనుంచి జగన్నాథరావు, "చూశావా, నీకే కడుపు తరుక్కుపోయింది! ఇదిరా నవలంటే!" అని పొంగిపోయాడు.

చైత్రంలో ఇటుకల పండగ వచ్చింది. మగవాళ్ళు వేటకి పోతారు, పనులన్నీ ఆగిపోతాయి. మా ఊళ్ళో మీ కథ చెప్పబోతున్నానని గాసి అంటే, ఓవర్సీరు కొత్త తలపాగా చుట్టుకుని మరీ వచ్చాడు. రాళ్ళ గద్దెల దగ్గర ఆయనకి మంచం వేశారు. ఎండ నడినెత్తిన ఉంది. వేట నుంచి తిరిగొచ్చిన మగవాళ్ళతో సహా ఊరంతా కూర్చుంది.

గాసి మొదలుపెట్టాడు. కావాలని చెడగొట్టి చెప్పాడు. "పొద్దున్నే, ఎండెక్కక ముందు..."

"మధ్యాహ్నంరా," అన్నాడు జగన్నాథరావు నవ్వుతూ.

"బండ మీద కొండోడొకడు కూకున్నాడు."

"మీద కాదు, కింద! గునపం కోసం దిగాడని ఎన్నిసార్లు చదివాను!"

జనంలో గుసగుసలు ఆగిపోయాయి. గాసి గొంతు మామూలుగానే ఉంచి కథ సాగించాడు.

"అప్పుడు దొర గంట కొట్టించాడు. ఒకటి, రెండు, మూడు. ఆ దొంగెదవ ఇన్నాడు గాని కదలనేదు..."

జగన్నాథరావు మంచం మీద నుంచి లేచాడు. వానాకాలమంతా చెక్కిన బొమ్మ ముక్కు ఎవడో విరగ్గొడుతుంటే ఏ శిల్పి ఊరుకుంటాడు? "కొట్టలేదురా! గంట కొట్టలేదు! దాని వైపు చూసి కూడా కొట్టలేదు. కొడితే అరపూట పోతుందని ఊరుకున్నాడు. వాడు దొంగా కాదు, ఏమీ కాదు. కథకి ప్రాణమే అక్కడుంటే, దాన్నే చంపేస్తావేం!"

యర్రయ్య కర్ర ఊతంతో లేచి నిలబడ్డాడు.

"బాబూ, నువ్వు సూసేవా?"

"చూడకపోతే ఇంత వివరంగా..." అని ఆగిపోయాడు ఓవర్సీరు. ఒక్కొక్క మొహమే చూశాడు. "ఇది నవలయ్యా. కల్పన. లేని కథ."

"నేని కతయితే గాసిగాడు ఎలగ సెప్తే నీకేటి? ఈ గద్దెల కాడ దిద్దినోడే సాచ్చి. మూడుసార్లు దిద్దినావు."

అప్పుడు గాసి ముందుకి వచ్చాడు. "ఆ గోతిలోవోడికి నాను తమ్ముణ్ణి బాబూ," అన్నాడు. ఆ మాట అనడానికే ఇన్నాళ్ళూ బతికినట్టుంది. జగన్నాథరావు తేలు కుట్టిన దొంగలా కొండ దిగి వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి రోడ్డు మీదికి ఒక్క కూలీ రాలేదు. చుట్టుపక్కల ఏ ఊరినుంచీ రాలేదు. సాక్షి వచ్చి రాయి మోసి, చచ్చినవాణ్ణి పేరు పెట్టి పెద్దల్లోకి పిలవాలి, అప్పుడే మట్టిగంప ఎత్తుతామని యర్రయ్య కబురు పంపాడు. పోలీసుల్ని పిలవాలంటే కూలీలు ఎందుకు రావడం లేదో రాయాలి. అది రాస్తే గంట సంగతీ రాయాలి. వానలు రాకముందు రోడ్డు పూర్తికాకపోతే ఉద్యోగం ఊడుతుంది. ఇరవై రోజులు బిగపట్టి, ఇరవై ఒకటోనాడు పొద్దున్నే ఆయన కొండెక్కి వచ్చాడు.

రాయి ఎంచినవాడు గాసే. గెడ్డలో ఉన్నవాటిలోకల్లా బరువైనది ఎంచాడు. వాసాలకి కట్టి నలుగురు మోశారు, ముందు కొస ఓవర్సీరు భుజం మీద. దారిలో రెండుసార్లు మోకాళ్ళ మీద పడ్డాడు, అరచేతులు చీరుకుపోయాయి. గాసికి హాయిగా ఉంది. ఆ హాయిని అతను దాచుకోలేదు కూడా. మరో సంగతి ఓవర్సీరుకి తెలియదు: ముందే గాసి ఇంటింటికీ తిరిగి, అన్న పేరు ఆ మనిషికి చెప్పవద్దని అందరి దగ్గరా మాట తీసుకున్నాడు.

గుంట దగ్గర రాయి దించారు. యర్రయ్య అన్నాడు, "పిలు బాబూ. నువ్వు పిలిస్తే గాని ఆడు లోపలికి రాడు."

జగన్నాథరావు నోరు తెరిచాడు. మూశాడు. చెమట కళ్ళలోకి కారుతోంది. "ఏం పేరు?" అని చాలా చిన్నగా అడిగాడు.

అందరూ గాసి వైపు చూశారు.

"అంత పెద్ద కాగితం రాసినావు కదా," అన్నాడు గాసి. "అందుల నేదా?"

"కూలీ ఒకడు అని రాశాను."

"నవల్లోన?"

"కొండవాడు..."

"ఎతుక్కో అయితే."

ఆయన ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి అడిగాడు. ముసలివాళ్ళనీ అడిగాడు, చంకలో బిడ్డలున్న తల్లులనీ అడిగాడు. అందరూ మొహం తిప్పుకున్నారు. గాసి చేతులు కట్టుకుని చూస్తున్నాడు. ఇలా సాయంత్రం దాకా తిరిగినా బాగుండును, రేపు కూడా తిరిగినా బాగుండును అనుకున్నాడు. ఎండ ముదిరింది. రాయి గుంట పక్కన పడే ఉంది.

కనక ఆడవాళ్ళలోంచి ఇవతలికి వచ్చింది. ఓవర్సీరు దగ్గరికి కాదు, గాసి దగ్గరికి.

"నాలుగేళ్ళు పొలిమేరలో నిలబెట్టినారు మరిదీ. దొంగోడని ఊరోళ్ళు నిలబెట్టినారు. నీ కోపం సల్లారీదాకా ఇంకా ఆయన అక్కడే నిలబడాలేటి?"

గాసి కట్టుకున్న చేతులు విప్పాడు. మొగుడి పేరు ఆమె నోట ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ వినలేదు. పెళ్ళాం మొగుడి పేరు పలకదు. ఆమె ఓవర్సీరు వైపు తిరిగి, కొంగు నోటికి అడ్డం తీసేసి పలికింది.

"సుక్రు. సుక్రు అని పిలు బాబూ. బేగి పిలు."

"సుక్రూ," అన్నాడు జగన్నాథరావు.

"పెద్దగా!" అని అరిచాడు గాసి.

"సుక్రూ!"

"ఇంకా పెద్దగా!"

"సుక్రూ!" అని ఆయన మళ్ళీ మళ్ళీ అరిచాడు. గొంతు చీలింది. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. ఈసారి అవి ఎవరి కోసమో తేల్చుకోవాలని గాసి ఆ మొహంలోకి రెప్ప వెయ్యకుండా చూస్తూ నిలబడ్డాడు. వెనక డప్పులు మోగాయి. ఆడవాళ్ళు ఒక్కసారిగా ఏడ్చారు. రాయి గుంటలో వెయ్యమని ఎవరో గాసి చేతిలో గుప్పెడు మన్ను పెట్టారు.

తిరిగి చూస్తే రాయి అప్పటికే నిలబడి ఉంది. దాని మొదట్లో కనక మన్ను సర్దుతోంది. నాలుగేళ్ళు దేనికోసం బతికాడో అది జరుగుతున్నప్పుడు గాసి చూడలేదు.