ఎనభై తొమ్మిదో రోజు సందేహం

మా సెక్షన్లో సందేహాలక్కయ్య చేతికి వెళ్లిన కాగితం ఏదీ ఒక సందేహమైనా తగలకుండా బయటపడింది లేదు. అది పుట్టుకతో వచ్చిన జబ్బని కొందరు, ఉద్యోగంతో వచ్చిందని కొందరు. పక్క కుర్చీలో పదకొండేళ్లు కూర్చున్నవాణ్ణి కనుక, రెండూ నిజమేనని నా సాక్ష్యం.

మాది భర్త పోయిన ఆడవాళ్లకు పింఛను మంజూరు చేసే సెక్షను. అంటే, చెయ్యాల్సిన సెక్షను. దరఖాస్తు పైకి పంపితే "ఈ ఏటి కోటా అయిపోయింది, ఆగమనండి" అంటూ కిందికి వచ్చేది. అలా ఆగిన దరఖాస్తు మీద అక్కయ్య కంప్యూటర్లో రాసేది: "సంతకం నీలం సిరాతో చేసినదా, నల్ల సిరాతోనా?" ఇంకోదాని మీద: "ఫొటోలో ఈమె ఎడమవైపు చూస్తున్నట్టున్నది. పరిశీలించవలెను."

"ఎడమవైపు చూస్తే పింఛనివ్వరా అక్కయ్యా?" అన్నాను ఓసారి.

"ఇవ్వరని ఎక్కడుంది? చూపించు."

"ఇస్తారని మాత్రం ఎక్కడుంది?"

"అదేగా నా సందేహం!"

ఇంట్లోనూ ఇదే వరస. ఆవిడ మర్చిపోయిన క్యారేజీ ఇవ్వడానికి వచ్చిన వాళ్లాయన ఓరోజు నా దగ్గర బయటపడ్డాడు. "కూర బాగుందా అని అడగడం మానేశాను బాబూ. 'నిన్నటిదా, ఇవాళ్టిదా, దేంతో పోలిస్తే?' అంటుంది. ఈలోగా అన్నం చల్లారిపోతుంది."

ఇక ఫైళ్లన్నీ ఉండే మా పాత కంప్యూటర్ వ్యవస్థ. దాన్ని ముద్దుగా 'తాతగారు' అనేవాళ్లం. మీట నొక్కి, టీ తాగి, గ్లాసు కడిగి వచ్చినా తాతగారు ఇంకా ఆలోచిస్తూనే ఉండేవాడు. ఒక్క విషయంలో మాత్రం మహా చురుకు. తొంభై రోజులు ఎవరూ ముట్టుకోని దరఖాస్తును "దరఖాస్తుదారుకు ఆసక్తి లేదు" అని తనే రాసి మింగేసేవాడు. మా నివేదికల్లో దాని పేరు 'పరిష్కారం'. చేతులు కట్టుకు కూర్చుంటే పనైపోయే ఉద్యోగం ఎవరికి చేదు? నాకు వరసగా రెండేళ్లు ఉత్తమ ఉద్యోగి పత్రం వచ్చింది. నవ్వుతూ ఫొటో కూడా దిగాను.

అక్కయ్య పరిష్కారాలు సున్నా. నెలనెలా మీటింగులో పెద్దసారు ఆవిణ్ణి నిలబెట్టేవాడు.

"ఏవమ్మా, ఒక్క మీ దగ్గరే మూడువందల డెబ్భై పెండింగు! సిగ్గనిపించట్లేదూ?"

"నాకా, సార్?" అనేది. అదీ సందేహమే అనుకుని మేం పగలబడి నవ్వేవాళ్లం.

చివరికి తాతగారికి కాలం చెల్లింది. కొత్త వ్యవస్థ బిగించడానికి కంపెనీ నుంచి ఓ అమ్మాయి వచ్చింది. మూతపడనివి మాత్రమే కొత్తదాంట్లోకి వెళ్తాయంది. మిగతా ఆరుగురివీ కలిపి పదకొండు తేలాయి. అక్కయ్యవి మూడువందల డెబ్భై.

పెద్దసారు మొహం ముడుచుకున్నాడు. "కొత్త ఇంట్లోకి పాత చెత్త దేనికి? ఐదింటికల్లా అన్నీ మూసెయ్యండి."

"ఒక్క నిమిషం సార్," అంది తెర చూస్తున్న అమ్మాయి. "ఇదేదో తమాషాగా ఉంది. ఈ మేడమ్ ఫైళ్లన్నిటికీ సరిగ్గా ఎనభై తొమ్మిదో రోజునే సందేహం వచ్చింది. ఇంకో ఎనభై తొమ్మిదికి ఇంకోటి. ఒకదాంట్లో ఇరవై నాలుగున్నాయి. దగ్గర దగ్గర ఆరేళ్లు!"

సందేహం రాస్తే ఫైలు కదిలినట్టు లెక్క. కదిలినదాన్ని తాతగారు మింగలేడు; కోటా వచ్చేదాకా అది వరసలో బతికే ఉంటుంది. మీటింగుల్లో నేను నవ్విన నవ్వులన్నీ ఒక్కసారే తిరిగొచ్చి నా ఎదురుగా నిలబడ్డాయి.

పెద్దసారు ఎదుట మాత్రం ఏదీ నిలబడలేదు. "మూసెయ్యమన్నానా, లేదా?"

"మూసేస్తాను సార్. చిన్న సందేహం."

"మళ్లీనా!"

"'కారణం' అన్న గడిలో ఏం రాయమంటారు? ఆసక్తి లేదని వీళ్లెవరూ అనలేదు. మొన్న కూడా ఒకావిడ అడిగి వెళ్లింది. 'పెద్దసారు ఆదేశం మేరకు' అని రాయనా? పేరు కూడా రాయాలా, హోదా చాలా? మూడువందల డెబ్భైకీ విడివిడిగా సంతకాలు చేస్తారా, అన్నిటికీ కలిపి ఒకటా?"

పెద్దసారు చెయ్యి జేబులో కలం దాకా వెళ్లి, కాలర్ సర్దుకుని తిరిగొచ్చింది. పేదవాళ్ల నోటికాడి కూడు లాగేయమంటే మా శాఖలో ఎంతమందైనా ముందుకొస్తారు. కింద సంతకం పెట్టే మనిషే దొరకడు.

"సరే, సరే, ఎక్కించండి!" అని గదిలోకి పోయాడు.

అన్నీ ఎక్కాయి. అక్కయ్య ఆ అమ్మాయి పక్కకు కుర్చీ లాక్కుంది.

"అమ్మాయ్, ఇదెన్ని రోజులకు మింగుతుంది?"

"నలభై ఐదండీ. మీ శాఖే పెట్టమంది."

అక్కయ్య వేళ్ల మీద లెక్కేసుకుంది. ఆవిడకు యాభై ఆరేళ్లు. పని రెట్టింపైంది.

"సగం నాకివ్వు అక్కయ్యా," అన్నాను.

"నీకు సందేహాలొస్తాయా?"

"నేర్చుకుంటా."

ఓ దరఖాస్తు తెరిచి, అరగంట తంటాలు పడి, గర్వంగా రాశాను: "మరణ ధ్రువీకరణ అసలు పత్రం తెచ్చి చూపవలెను."

అక్కయ్య వంగి చదివింది. నా నెత్తిన ఒక్కటి మొట్టి, మొత్తం చెరిపేసింది.

"ఒరే బడుద్ధాయీ! దీనికోసం ఆవిడ పని మానుకుని, రెండు బస్సులు మారి రావాలి. సందేహమంటే కుర్చీలోంచి లేవకుండా మనమే తీర్చుకునేట్టుండాలి. ఆవిడ సంతకం కింద గీత ఉందా?"

"ఉంది."

"తిన్నగా ఉందా, వంకరగానా?"

కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూశాను. నిజం చెప్పొద్దూ, తేల్చడం చాలా కష్టంగా ఉంది.